కాలిపోయిందని చెప్పిన మోటారు

మోటారు కాలిందో లేదో వాసన చూసి చెప్పగలనని ఒకప్పుడు నాకు మహా గర్వం. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాయక తప్పదు. నా ముక్కు మీద నాకున్న నమ్మకం ఒక ఆడమనిషికి ఏం నష్టం చేసిందో చెప్పాలంటే ముందు ఆ ముక్కు సంగతే చెప్పుకోవాలి.

తొంభైల చివర్లో అనంతపురంలో ఒక మేస్త్రీ దగ్గర బోరు మోటార్లు చుట్టే పని నేర్చుకున్నాను. చుట్టడమంటే కాలిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మోటారును మళ్ళీ తిరిగేట్టు చేయడం. మా జిల్లాలో ఆ పనికి అప్పుడు కొదవే లేదు. వానలు మొహం చాటేశాయి. బోర్లలో నీళ్ళు ఏటికేడు కిందికి దిగిపోతుంటే రైతులు పైపు మీద పైపు దించుతున్నారు. కరెంటు ఉన్న నాలుగు గంటల్లోనే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేసేవాళ్ళు. వోల్టేజి పడిపోయేది, మోటార్లు మూలిగి మూలిగి కాలిపోయేవి. ఒక పక్క శెనక్కాయ చేను వాడిపోతుంటే రైతు మోటారును ట్రాక్టరులో వేసుకుని వచ్చి మా అంగడి ముందు దిగేవాడు.

మా మేస్త్రీ మూత విప్పి, మోటారు కడుపులోకి ముక్కు పెట్టి, ఒక్కసారి గట్టిగా పీల్చేవాడు. "పాయ. కాలిపోయింది" అనేవాడు. రైతు మారుమాట అడిగేవాడు కాదు. ఏం కాలింది, ఎంత కాలింది, నిజంగా కాలిందా అని అడిగిన రైతును నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. డాక్టరు ఒక మాట చెప్తే ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు గానీ, చుట్టే మేస్త్రీ కాలిందన్న మోటారును ఇంకో అంగడికి తీసుకుపోవడం మా వైపు లేదు. అది మేస్త్రీని అవమానించడం. మేస్త్రీ కూడా అన్న మాట వెనక్కి తీసుకోడు. "ఒకసారి కాలిందంటే కాలినట్టే అబ్బీ. మళ్ళా కాలలేదంటివా, అంతకుముందు నువ్వు కాలిందన్నవన్నీ జనానికి గుర్తొస్తాయి" అని మా మేస్త్రీ నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

వాసన తర్వాత మేం నమ్మేది సీరీస్ బల్బును. గోడకున్న ప్లగ్గు నుంచి ఒక వైరు నేరుగా వస్తుంది, ఇంకో వైరు నూరు క్యాండిల్ బల్బు గుండా వస్తుంది. ఆ రెండు కొసలు మోటారు తీగలకు ఆనించినప్పుడు బల్బు వెలిగితే తీగ తెగలేదని. మోటారు ఒంటికి ఆనించినప్పుడు వెలిగితే లోపల ఎక్కడో తీగ ఇనుముకు తగులుతోందని. ఆ వైర్లలో ఉండేది ఇంటి కరెంటే, రెండువందల ముప్పై వోల్టులు. బోరు మోటారుకు అదొక చక్కిలిగింత. మీటర్లు పట్టుకుని తిరిగేవాళ్ళను చూస్తే మాకు నవ్వు వచ్చేది.

రెండువేలు దాటాక ధర్మవరంలో, మగ్గాల వీధులకు దగ్గరగా, సొంత అంగడి పెట్టుకున్నాను. పల్లెల నుంచి బోరు మోటార్లు, వీధుల నుంచి పట్టు చుట్టే మిషన్ల చిన్న మోటార్లు వచ్చేవి. రోజంతా వార్నీషు వాసన, ఇంటికి పోతే నా చొక్కా మా ఆవిడ వాకిట్లోనే ఆరేసేది. నా మాట చెల్లుబాటయ్యేది. నలుగురిలో నన్ను మేస్త్రీ అని పిలుస్తుంటే ఒళ్ళు కొంచెం బిగుసుకునేది కూడా.

ఆ తర్వాత ఏడో ఎనిమిదో ఏళ్ళకు బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఇంట్లో ప్లగ్గుకు పెట్టి చార్జి చేసుకుంటే చాలు. అనంతపురంలో ఒకాయన వాటికి అంగడి తెరిచి, ముందు రంగుకాగితాల తోరణాలు కట్టి, ఏడాదిన్నరలో షట్టరు దించి వెళ్ళిపోయాడు. కొన్నవాళ్ళు నడిరోడ్డున పడ్డారు. "మోటారే గదా, మోటార్ల మేస్త్రీ దగ్గరికి తీసుకపో" అని ఎవరు మొదలుపెట్టారో గానీ అవి నా దగ్గరికి రావడం మొదలైంది. నాకు తెలియదని ఒక్కరితోనూ అనలేదు. మొదట వచ్చిన రెండు బండ్లకూ బ్యాటరీ తీగలు తుప్పు పట్టాయి. గీకి బిగిస్తే నడిచాయి. ఇక చూడండి నా వాలకం.

మూడోది ఆమె బండి.

ఆమెది మా అంగడికి రెండు వీధుల అవతల ఇల్లు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నదేమో, అన్నా అని పిలిచేది. భర్త మగ్గంలో దిగితే తల ఎత్తని మనిషి. బయటి వ్యవహారమంతా మరిదిది. పల్లెల్లోని నేతగాళ్ళ ఇళ్ళకు పట్టూ జరీ ఇచ్చి, నేసిన చీరలు తెచ్చి అంగళ్ళకు వేయడం వాళ్ళ పని. మరిది మోటారుసైకిలు మీద పోయి వాకిట్లో నుంచే నాలుగు కేకలేసి వచ్చేవాడు. ఒక ఏడు అతనికి కామెర్లు వచ్చి మూడు నెలలు మంచం పట్టాడు. ఆ మూడు నెలలూ ఆమె బస్సుల్లో, ఆటోల్లో తిరిగి పని చూసింది. వాకిట్లో నిలబడకుండా ఇంట్లోకి పోయి కూర్చునేది. ఆడవాళ్ళతో మాట్లాడేది, మగ్గం మీద చీర ఎంతవరకు వచ్చిందో తానే చూసేది, ఇంట్లో ఎవరికి జ్వరమో తెలుసుకునేది. చీరలు చెప్పిన రోజుకు రావడం మొదలైంది. మరిది లేచి తిరిగేసరికి బత్తలపల్లి దారిలోని నాలుగు పల్లెల వాళ్ళు "ఆయమ్మనే పంపించండి" అన్నారట.

అట్లా ఆ నాలుగు పల్లెలు ఆమెవయ్యాయి. అన్నిటికీ బస్సు లేదు. ఎవరినీ అడగకుండా, తాను కూడబెట్టుకున్నదానితో బ్యాటరీ స్కూటరు కొనుక్కుంది. ఇంట్లో పెద్ద రగడే అయిందని వీధంతా చెప్పుకున్నారు. మరిది దానికి బొమ్మబండి అని పేరు పెట్టాడు. ఆమె పట్టించుకోలేదు. కాళ్ళ దగ్గర తెల్లగుడ్డలో చుట్టిన పట్టు మూట పెట్టుకుని, కొంగు నడుముకు బిగించి, చప్పుడు లేకుండా మా అంగడి ముందు నుంచి పోయేది. "ఏమన్నా, బాగుండావా?" అని చెయ్యి ఎత్తేది. రెండేళ్ళు అట్లా తిరిగింది. ఆ రెండేళ్ళలో ఆమె నడకే మారిపోయిందని మా ఆవిడ అనేది.

ఒక ఎండాకాలం, దుమ్ము గాలి లేచే రోజుల్లో, మధ్యాహ్నం పూట ఆ స్కూటరు లగేజీ ఆటోలో వచ్చింది. వెనక ఆమె దిగింది. ముఖమంతా చెమట, దుమ్ము.

"నిలిచిపాయన్నా. బత్తలపల్లి దారిలో ఉన్నట్టుండి నిలిచిపాయ. బ్యాటరీ నిండుగా చూపిస్తాండాది. యాక్సిలేటరు తిప్పితే ఉలుకూ పలుకూ లేదు."

"నేను చూస్తా ఉండమ్మా" అన్నాను.

"ఇంగోటన్నా. వెనక ఎర్రలైటు ఆరడంల్యా. బ్రేకు పట్టుకోకపోయినా వెలుగుతానే ఉండాది. రెండు దినాల నుంచి అప్పుడప్పుడు అట్లే వెలుగుతాండె. దానికేమన్నా సంబంధం ఉందేమో సూడు."

నేను నవ్వాను. అంగట్లో ఇద్దరు రైతులు తమ మోటారు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ వైపు చూసి మరీ నవ్వాను. "లైటుకూ మోటారుకూ ఏం సంబంధమమ్మా? మోటారు సంగతి నాకు వదిలిపెట్టు" అన్నాను. వాళ్ళూ నవ్వారు. ఆమె పోయి బెంచీ చివర కూర్చుంది.

బ్యాటరీ స్కూటరుకు మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. చక్రం విప్పి, పక్క మూత బోల్టులు తీశాను. చక్రం ఇరుసులో నుంచి మూడు లావు తీగలు, అయిదు సన్నతీగలు బయటికి వచ్చి ఉన్నాయి. లావు తీగలు నాకు అర్థమయ్యాయి, బోరు మోటారుకూ మూడే. సీరీస్ బల్బు పెట్టాను. మూడింటికీ చక్కగా వెలిగింది. ఒంటికి ఆనిస్తే వెలగలేదు. అంటే మోటారు బాగుందని లెక్క. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

ఆ అయిదు సన్నతీగలు ఎందుకో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి ఇద్దరు రైతులూ ఒక ఆడమనిషీ చూస్తున్నారు. బల్బు కొసలు వాటికి ఆనించాను. ఎర్రతీగకూ నల్లతీగకూ ఆనించగానే బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. లోపల చిటుక్కుమంది. మిగిలిన తీగలకూ అట్లాగే ఆనించుకుంటూ పోయాను. తర్వాత వంగి, మా మేస్త్రీ లాగా మోటారులోకి ముక్కు పెట్టి పీల్చాను. సన్నగా కాలిన వాసన వచ్చింది.

"పాయమ్మా. కాలిపోయింది" అన్నాను.

అన్న తర్వాతే లోపలికి సరిగా చూశాను. రాగితీగ కొత్తదానిలా మెరుస్తూ ఉంది. కాలిన తీగ బొగ్గులా నల్లగా ఉంటుందని పదేళ్ళుగా నాకు తెలుసు. కొన్ని వందల మోటార్లు చూసిన కళ్ళు అవి. అయినా మాట బయటికి వచ్చేసింది. మూత పెట్టి బోల్టులు బిగించడం మొదలుపెట్టాను, కొంచెం తొందరగానే బిగించాను.

"చుట్టేకి కాదా అన్నా?" అంది.

"ఇది చుట్టే రకం కాదమ్మా. కొత్తది తెప్పిద్దామంటే అమ్మినోడే అంగడి మూసుకుని పాయ. నాసిరకం సరుకు అంటగట్టి పోయినారు."

ఆమె కాసేపు సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. "అయితే మా మరిది చెప్పిందే నిజమాయె" అంది. ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది.

అప్పుడైనా నోరు మూసుకున్నానా? లేదు. "ఇట్లాంటివి కొనేటప్పుడు మొగోళ్ళను ఒక మాట అడగాల గదమ్మా" అన్నాను. రైతుల్లో ఒకాయన అవునన్నట్టు తల ఊపాడు. ఆమె ఆటో వాణ్ణి మళ్ళీ పిలుచుకుని బండిని ఇంటికి తీసుకుపోయింది.

ఆ మర్నాడు మరిది మా అంగడి ముందు మోటారుసైకిలు ఆపి అడిగాడు: "ఏమప్పా, కాలిపోయిందంట గదా?" అవునన్నా అన్నాను. అతని ముఖంలో వెలుగు చూశాను. పట్టు మూట అతని బండి మీద ఉంది.

పదినెలలు గడిచాయి. అనంతపురంలో వేరే రకం బ్యాటరీ స్కూటర్ల అంగడి వచ్చింది. ఆ అంగడాయన రిపేర్లకు మనిషి కావాలని నన్ను పట్టుకుని, రెండు రోజులు నేర్చుకుని రమ్మని బెంగుళూరు పంపించాడు. పెద్ద గదిలో మాలాంటి వాళ్ళం ఇరవై మందిదాకా ఉన్నాం. పాఠం చెప్పేది నా కన్నా చిన్నవాడు, కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడేవాడు. బల్ల మీద ఒక స్కూటరు నిలబెట్టి, "బండి కదలట్లేదు. బ్యాటరీ బాగుంది. ముందు ఏం చూస్తారు?" అని అడిగాడు.

"మోటారు విప్పాల" అన్నాను. అందరికన్నా ముందు నేనే అన్నాను.

"అది అన్నిటికన్నా చివర" అన్నాడు అతను. యాక్సిలేటరు తిప్పితే వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగింది. బ్రేకు పిడి దగ్గర చిన్న స్విచ్చి ఉంది, అందులో అగ్గిపుల్ల తలంత మొన. దాన్ని గోటితో నొక్కి పట్టుకున్నాడు. చక్రం ఆగిపోయింది. ఇంకెంత తిప్పినా కదల్లేదు. వెనక ఎర్రలైటు వెలిగింది.

బ్రేకు పట్టుకుంటే మోటారుకు పోయే ఆజ్ఞ తెగిపోవాలి, అందుకేనట ఆ స్విచ్చి. దుమ్ము చేరి ఆ మొన ఇరుక్కుపోతే, బ్రేకు వదిలినా పట్టుకున్నట్టే బండి అనుకుంటుందట. "ఎర్రలైటు ఆరకుండా వెలుగుతుంటే మోటారు జోలికే పోవద్దు. బండే మీకు రోగం చెప్తోంది" అన్నాడు.

బండి చెప్పడం సరే, ఆమె చెప్పింది. నోరు తెరిచి నాకు రోగమూ చెప్పింది, దాని గుర్తూ చెప్పింది. నేను ఇద్దరు రైతుల వైపు చూసి నవ్వాను.

మధ్యాహ్నం సన్నతీగల పాఠం. మోటారు లోపల వడ్లగింజంత సెన్సర్లు మూడు ఉంటాయి, అయస్కాంతం ఎక్కడుందో అవి మోటారును నడిపే కంట్రోలరు పెట్టెకు చెప్తుంటాయి, అవి చెప్పకపోతే చక్రం తిరగదు. అయిదు వోల్టులతో బతికే వస్తువులు. వాటిని మీటరుతో ఎట్లా చూడాలో చూపించి, అతను నవ్వుతూ ఒక కథ చెప్పాడు. ఎక్కడో ఒక ఊళ్ళో బోరు మోటార్ల మేస్త్రీ ఈ తీగలకు ఇంటి కరెంటు బల్బు పెట్టి చూశాడట. మూడు సెన్సర్లూ కాలి వాసన వస్తే మోటారు కాలిపోయిందన్నాడట.

గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. పక్కవాడి భుజం తట్టి మరీ నవ్వాను. అతను చెప్పింది నా గురించి కాదు, ఎవరో తమిళనాడు వైపు మేస్త్రీ గురించట. అది తెలిశాక కూడా సాయంత్రం దాకా నేను ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాను. నేను పీల్చి తీర్పు చెప్పిన ఆ వాసన మోటారు రోగం వాసన కాదు. నా చేత్తో నేను అప్పుడే కాల్చిన వాసన. బాగున్న మోటారును చంపి, చచ్చిందని నేనే చెప్పాను.

తిరుగు బస్సులో సోమందేపల్లె దాటేదాకా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. నష్టపోయింది ఆమె ఒక్కతే అయితే ఏదో ఒకటి చెప్పుకుని నా మనసును ఊరడించుకునేవాణ్ణేమో. కానీ పాత మోటార్లు ఒకటొకటే గుర్తుకు రాసాగాయి. యాడికి ఊరి దగ్గరి నుంచి ఒక ముసలాయన తెచ్చిన మోటారు. వాసన చూసి కాలిందన్నాను, చుట్టాను. కేబులు అతుకు దగ్గర నీళ్ళు దిగాయేమో అని ఒక అనుమానం అప్పుడే వచ్చింది, అతుకు విప్పి చూడలేదు. ఆయన మెట్టు మీద కూర్చుని, ఇంకో వారం ఆగితే చేను పోతుందప్పా అన్నాడు. ఆ మోటారు నిజంగా కాలిందో లేదో ఇప్పుడు ఎవరికి తెలుసు? నాకే తెలియదు.

బస్సెక్కే ముందే బెంగుళూరులో సెన్సర్లు కొన్నాను, చిన్న ప్లాస్టిక్ సంచిలో మూడు. వాటిని జేబులో పెట్టుకుని ధర్మవరంలో దిగినవాణ్ణి నెలన్నర దాకా ఆ వీధి వైపు పోలేదు. రేపు పోదాం, ఆదివారం పోదాం. చొక్కా మార్చినప్పుడల్లా ఆ సంచిని ఈ జేబులో నుంచి ఆ జేబులోకి మార్చుకునేవాణ్ణి. చివరికి మా ఆవిడ, "ఏందది, తాయెత్తా?" అని అడిగాక సిగ్గేసి లేచాను.

నేను పోయేసరికి ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల గుంతమగ్గంలో భర్త నేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. స్కూటరు మెట్ల కింద ఉంది, పాత చీర కప్పి ఉంది. "రాన్నా, కూర్చో" అంది. మనిషి చిక్కింది. పల్లెల సంగతి నేను అడగలేదు, తనే చెప్పింది. మరిది పోయి కేకలేస్తే రెండిళ్ళ వాళ్ళు వేరే షావుకారుకు నేస్తున్నారట. మిగిలినవాళ్ళను అతనే చూసుకుంటున్నాడట. "నన్ను యాడికీ పోనియ్యరన్నా ఇప్పుడు. బండి కొని ఇంటి పరువు తీసినానంట. ఏ మాటొచ్చినా ఆ బండి మాటే ఎత్తుతారు. కూర ఉప్పెక్కువైనా అదే."

బండి ఒకసారి చూస్తానన్నాను. కాలిపోయిందాన్ని ఏం చూస్తావన్నా అంది. చూస్తానమ్మా అన్నాను.

పూటంతా పట్టింది. ముందు బ్రేకు స్విచ్చి విప్పాను. బుడ్డిలోని పెట్రోలు రెండు చుక్కలు వేసి బ్రష్షుతో తోమితే ఎర్రదుమ్ము, దానితో పాటు పట్టు పోగు ముక్క ఒకటి బయటికి వచ్చాయి. మొన టిక్కుమని పైకి లేచింది. రెండు దినాలు ఆమె బండి అడిగింది ఇదే. తర్వాత చక్రం తెరిచి, కాలిన సెన్సర్లు పీకి, కొత్తవి అతికించి, సన్నటి టంకం కడ్డీతో తీగలకు టాకా వేశాను. మూత బిగించి, చార్జి పెట్టిన బ్యాటరీకి తీగలు కలిపి, యాక్సిలేటరు తిప్పాను. చక్రం తిరిగింది.

ఆమె రాట్నం వదిలి లేచి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చక్రం వైపే చూసింది. "కాలిపోయిందంటివి గదన్నా" అంది.

అప్పుడు చెప్పాను. ఊపిరి తీసుకోకుండా, చేతిలోని స్పానరు వైపు చూస్తూ మొత్తం చెప్పాను. లైటు సంగతి, స్విచ్చి సంగతి, బల్బు సంగతి. నీ బండికేం కాలేదమ్మా, నేనే కాల్చినా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె తిట్టలేదు. తర్వాత లోపలికి పోయి టీ పెట్టి తెచ్చి ఇచ్చి, మెట్టు మీద కూర్చుని అంది:

"పల్లెలు పాయ, ఇంగ రావులే. బండి తిరిగినా నేను పోయే ఇల్లు ల్యా. నాకొకటి చెయ్యన్నా. ఈ మాట మా మరిది ముందర ఒక్కసారి చెప్పు. బండి మంచిదే, ఈయమ్మ తెలివితక్కువతనం కాదు, తప్పు నాదే అని చెప్పు. మా ఆయనకూ వినపడేట్ల చెప్పు. అంతే సాలు."

"చెప్తానమ్మా. ఎందుకు చెప్పను?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ నిమిషంలో నన్ను ఎవరైనా అడిగి ఉంటే ప్రమాణం చేసి ఉండేవాణ్ణి.

ఎంతోసేపు ఆగాల్సిన పని లేకపోయింది. వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. మరిది లోపలికి వస్తూనే మెట్ల కింద నుంచి బయటికి వచ్చిన స్కూటరును చూశాడు.

"ఏమప్పా మేస్త్రీ, బొమ్మబండికి ప్రాణం పోసినావే! పోయినసారి నువ్వే గదా కాలిపోయిందంటివి?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను. మరిది నా వైపు చూస్తున్నాడు, నవ్వుతూనే చూస్తున్నాడు. ఈ మనిషి సాయంత్రం బజారులో నలుగురి మధ్య కూర్చుంటాడు. మన మేస్త్రీ బాగున్న మోటారును కాల్చి కాలిందని చెప్పినాడంట అంటాడు. ఆ నలుగురిలో ఒకడికి తన మోటారు గుర్తొస్తుంది. ఇంకొకడికి తన తండ్రి మోటారు. ఇదంతా ఒక్క రెప్పపాటులో నా తలలో తిరిగింది. భయపడ్డాను. ఇంకో మాట లేదు, భయపడ్డాను.

"అప్పుడు కాలిందే అన్నా" అన్నాను. "ఇప్పుడు బెంగుళూరులో కొత్త సామాను దొరికితే తెచ్చి ఏసినా. ఆ కాలంలో వచ్చిన బండ్లన్నీ నాసిరకమే."

"నేను చెప్పలా?" అన్నాడు మరిది, లోపలి గది వైపు తిరిగి గట్టిగా. "ఆ పొద్దే చెప్తి గదా, యినల్యా."

లోపల మగ్గం మళ్ళీ మొదలైంది. మరిది చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నేను ఆమె వైపు చూడకుండా స్పానర్లు సంచిలో వేసుకోసాగాను. ఆమె గడప దిగి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. బండి తాళం అడుగుతోందనుకుని జేబులో వెతికాను. ఆమె నా పక్కనున్న టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నేను అందులో సగం కూడా తాగలేదు.